మా అమ్మ అనని మాట

కుప్పం కాలేజీవాళ్ళు నన్ను పిలిచింది కల్పన గురించి మాట్లాడమని. కల్పన అంటే ఏమిటి, కథలు రాసేవాళ్ళు ఇతరుల కథలు చదివి తీరాలా, అని. ఆ ప్రశ్నకు నా దగ్గర ఎప్పటినుంచో జవాబు సిద్ధంగా ఉంది. పుంగనూరులో పంతులమ్మగా పనిచేసిన ఇన్నేళ్ళలో, నా కథలు అచ్చయినకొద్దీ, ఏ సభకు పోయినా ఎవరో ఒకరు లేచి, ‘ఎవరి రచనలు చదివి రాయడం నేర్చుకున్నారమ్మా?’ అని అడిగేవారు. నేను కొంచెం గర్వంగానే చెప్పేదాన్ని. ‘నేను నవల అనేది చదివి ఎరగను. మా ఇంట్లో కథల పుస్తకం అడుగుపెట్టలేదు. మా అమ్మ ముట్టలేదు, మా నాయన ముట్టనీయలేదు. జరిగినవి విన్నాను, విన్నవి రాశాను.’ జనం చప్పట్లు కొట్టేవారు. కుప్పంలోనూ అదే చెప్పాను. అక్కడా చప్పట్లు కొట్టారు. ఆ మధ్యాహ్నానికే నా జవాబు నా చేతిలోంచి జారిపోయింది. అదెట్లా జరిగిందో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఇల్లు మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక, పనివాళ్ళకోసం కట్టిన పెంకుటిళ్ళ వరసలో ఉండేది. మా నాయన ఆసుపత్రిలో కాంపౌండరు. సాయంత్రం ఆయన గడపలోకి రాకముందే ఫినాయిలూ మిక్చరు మందూ కలిసిన వాసన ఇంట్లోకి వచ్చేది. వస్తూనే మోచేతులదాకా సబ్బు రుద్ది కడుక్కునేవాడు. మాట కూడా మందు కొలిచినట్టే కొలిచి మాట్లాడేవాడు. పెద్దమండ్యం నుంచి, కలకడ నుంచి ఎద్దులబండ్లలో వచ్చిన రోగులు ఆసుపత్రి ముందరి చెట్లకింద కుండా చట్టీ పెట్టుకుని వండుకునేవారు. ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేక మేకలను కూడా తోలుకొచ్చి అక్కడే కట్టేసేవారు. వాళ్ళు నాయన చేతులు పట్టుకుని, ‘మాయమ్మికి నయమైపోతాదా అప్పా?’ అని అడిగితే, అవుతుందని తెలిస్తే అవుతుందనేవాడు. తెలియకపోతే, ‘డాక్టరమ్మను అడుగుదాం రాప్పా’ అని వెంట తీసుకుపోయేవాడు. ఊరికే ధైర్యం చెప్పడం ఆయనకు చేతకాదు. కాంపౌండరు అబద్ధమాడడని ఆ వరసలో అందరూ అనేవారు. ఆయన కూతురినని నాకు నిండా గొప్పగా ఉండేది.

నేను రెండో క్లాసులో ఉండగా మా అమ్మ పోయింది. జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేర్చారు. నన్ను పక్కింట్లో ఉంచారు. అమ్మ పోయిన రోజు కూడా నన్ను బడికి పంపారు. తిరిగొచ్చేసరికి మా ఇంటిముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. అమ్మవి నాకు మిగిలినవి కొన్నే. ఆకుపచ్చ అంచు చీర, నా జడ అల్లేటప్పుడు తలమీద తగిలే గాజుల చలువ, చేతుల్లో ఎప్పుడూ ఉండే ఉల్లిపాయ వాసన. గొంతు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అమ్మ పోయాక నేను తిండి మానేశాను. ముద్ద నోట్లో పెడితే అట్లాగే పట్టుకుని కూర్చునేదాన్ని. సాయంత్రమైతే ఆసుపత్రి గేటు దగ్గరకు పోయి నిలబడేదాన్ని. నాయన వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేవాడు.

అప్పుడు మా పెద్దమ్మ రూతమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మకు సొంత అక్క. కుప్పంలో మిషన్ బడిలో పంతులమ్మ, భర్త లేడు, పిల్లలు లేరు. ఆమె ఎప్పుడొచ్చిందో నాకు జ్ఞాపకం లేదు. ఉన్నట్టుండి మా వంటింట్లో ఉంది, అంతే. ఒక సాయంత్రం నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రాగిసంగటి తుంచి చెనక్కాయల ఊరిబిండిలో అద్దుతూ చెప్పింది. ‘మీ అమ్మ కడాకు ఏమనిందో తెలుసునా పాపా? నేను తలాపునే ఉండాను. చలిగాలి వస్తాందని కిటికీ మూయబోతే, మూయొద్దక్కా, నా బిడ్డ బడినించి నడిచొచ్చే సప్పుడు ఇనబడల్ల అనింది. ఆ సప్పుడుకోసరం చెవి పెట్టుకోనే కండ్లు మూసింది.’

నాయన వసారాలో కూర్చుని లాంతరు గాజు తుడుస్తున్నాడు. ‘నిజమా నాయనా?’ అని అడిగాను. ఆయన తలెత్తలేదు. గాజు తుడుస్తూనే, ‘అన్నం తినమ్మా’ అన్నాడు.

తిన్నాను. ఆరోజునుంచి బడికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కాళ్ళు నేలకేసి కొడుతూ నడిచేదాన్ని. వరసలోవాళ్ళు నవ్వేవారు. నాయన ఒక్కరోజు కూడా మెల్లగా నడువమని చెప్పలేదు. ఆ నడక నాకు కాలేజీ చదువుకూ, ఉద్యోగానికీ, పెళ్ళికీ వెంట వచ్చింది. పుంగనూరు బడిలో నా చెప్పుల చప్పుడు వినగానే పిల్లలు వరండాలో సర్దుకునేవారు. ఆ చప్పుడు ఎవరికోసమో వాళ్ళకు తెలియదు.

పెద్దమ్మ మా దగ్గరే ఉండిపోయింది. మదనపల్లెలోనే బడికి మార్పించుకుంది. సాయంత్రాలు ఆమె చేతిలో ఏదో ఒక పని ఉండేది. చెనక్కాయలు వొలవడమో, చింతపండు గింజలు తీయడమో. నోట్లో ఒక లవంగం. పని మొదలైందంటే మాటా మొదలయ్యేది. ‘ఇది నేను కండ్లారా సూసింది’ అంటూ ఎత్తుకునేది. కుప్పం రైల్వేస్టేషన్లో ప్రతి మద్రాసు బండికీ ఎదురువచ్చి, దిగినవాళ్ళ మొహాలు చూసి వెళ్ళిపోయే ఒక ఇల్లాలి గురించి చెప్పేది. కండ్లు కనబడుతున్నా కోడలి వంట చూడలేక గుడ్డిదానిలా నటించిన అత్త గురించి చెప్పేది. జబ్బుచేసిన మేకపిల్లను చీరకొంగులో దాచి ఆసుపత్రిలోకి తెచ్చిన కలకడ ముసలామె గురించి చెప్పేది. వాళ్ళకు పేర్లుండేవి, ఊర్లుండేవి, కట్టుకున్న చీర రంగు ఉండేది. నేను ఆ మనుషులందరినీ ఎరిగున్నదాన్లా పెరిగాను.

ఇదంతా నడుస్తున్న ఇంట్లోనే కథల పుస్తకానికి చోటు లేదు. ఒకసారి నా పక్కన కూర్చునే పిల్ల ఒక వారపత్రిక ఇస్తే సంచీలో పెట్టుకొచ్చాను. నాయన చూశాడు. ‘ఇది యాడిది?’ అన్నాడు. చెప్పాను. తీసుకుపోయి నీళ్ళపొయ్యిలో పెట్టాడు. ఆయనకు కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు. చెయ్యి వణుకుతోంది. ‘జరగనిదాన్ని జరిగినట్టు రాసినారమ్మా దీంట్లో. ఇట్లాంటివి సదివితే నీకు ఏది నిజమో ఏది కాదో తెలీకుండా పోతాది. మన ఇంట్లోకి ఇది రాకూడదు’ అన్నాడు. పెద్దమ్మ పక్కనే ఉంది. చేటలో చింతగింజలు ఏరుకుంటూ ఉండిపోయింది.

నాకు ఆయన మాట సబబుగానే తోచింది. ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. ఆదివారం గుడిలో పాస్టరుగారు ఒక రైతు ఉపమానం చెప్పాడు. ఇంటికొస్తూ, ‘ఆ రైతుది యా ఊరు నాయనా? కలికిరా?’ అని అడిగాను. ‘ఊరు లేదమ్మా, అది ఉపమానం’ అన్నాడు. ‘అట్లయితే జరగలేదా?’ ‘జరగలేదు.’ ‘అయితే అబద్ధమా?’ ‘అబద్ధం కాదు. ఇది ఉపమానం అని ముందే చెప్పినాడు గదా’ అన్నాడు నాయన. నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా, నాయన చెప్పాడు కాబట్టి ఒప్పుకున్నాను.

పెద్దయ్యాక పుంగనూరులో ఉద్యోగం చేస్తూ నేను మొదట రాసింది కిటికీ కథే. పేర్లు మార్చి, ఒక తల్లి చివరి మాటగా రాశాను. అచ్చయిన పత్రిక తీసుకుని మదనపల్లెకు పోయి ఇద్దరికీ చదివి వినిపించాను. పెద్దమ్మ కండ్లు తుడుచుకుంది. ‘నేను చెప్పినదానికన్నా బాగుండాది’ అంది. అది దీవెన అనుకున్నాను. నాయన, ‘ఇది నిజమని రాసినావా, కథ అని రాసినావా?’ అని ఒక్కటే అడిగాడు. ‘కథ అనే వేశారు నాయనా, కానీ నిజమేగదా’ అన్నాను. ఆయన లేచి వసారాలోకి పోయాడు. ఇంట్లో అమ్మ మాట ఎత్తితే ఆయన అట్లాగే లేచిపోయేవాడు, అందుకని నేనేమీ అనుకోలేదు. ఆ తర్వాత స్టేషన్ ఇల్లాలు, గుడ్డి అత్త, మేకపిల్ల ముసలామె, అందరూ నా పుస్తకాల్లోకి వచ్చారు. ఇవి కల్పన కావు, రాయలసీమ ఆడవాళ్ళ నిజ జీవితాలు అని మెచ్చుకున్నారు. నాయన, పెద్దమ్మ ఇద్దరూ పోయి చాలా కాలమైంది. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ నాకు ఒక్క మాట చెప్పలేదు.

కుప్పంలో సభ అయ్యాక, ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పే ఒక అమ్మాయి వచ్చి, ‘మా అవ్వ మిమ్మల్ని చూడాలంటోంది మేడమ్, మీ నాయనగారితో పనిచేసిందంట’ అంది. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న ముసలామెను నేను వేదికమీదనుంచే గమనించాను. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. వయసువల్ల వచ్చిన వణుకనుకున్నాను. పేరు ఎస్తేరమ్మ. పెళ్ళికి ముందు మదనపల్లె ఆసుపత్రిలో నర్సు. మా ఇంటి పక్క ఇల్లే. పెళ్ళయి కుప్పం వచ్చేసిందట. అమ్మ పోయినప్పుడు నన్ను ఉంచుకున్న పక్కిల్లు వాళ్ళదే. స్టేషన్ దగ్గరున్న వాళ్ళ ఇంటికి మధ్యాహ్నం భోజనానికి తీసుకుపోయారు. మనవరాలు వడ్డిస్తుంటే ఎస్తేరమ్మ తినకుండా నన్నే చూస్తూ కూర్చుంది.

‘పాపా, నువ్వు అట్ల యాల చెప్పినావు?’ అంది.

‘ఏం చెప్పినాను చిన్నమ్మా?’

‘సరోజ కథల పుస్తకం ముట్టలేదని. అంతమంది ముందర. నాకు పాణం ఒప్పలే.’

సరోజ మా అమ్మ పేరు. ఆ పేరు ఎవరి నోటినుంచైనా విని ఎన్నాళ్ళయిందో. నేను ముద్ద కలుపుతూ ఆగిపోయాను.

‘మీ అమ్మ మాదిరి కథలు సదివే మనిషిని నేను మళ్ళా సూడలే’ అంది ఎస్తేరమ్మ. ‘వారం వారం పత్రిక వచ్చే దినం కండ్లు గేటుమిందనే ఉంటాండె. ఎవురు తెచ్చిస్తాండ్రి అనుకుంటివి? మీ నాయనే. బజారుకు పొయ్యి కోటు లోపల పెట్టుకోనొస్తాండె. మధ్యాన్నం డ్యూటీ లేని నర్సులమంతా మీ వసారాలో చేరితే, మీ అమ్మ గెట్టిగా సదివి ఇనిపిస్తాండె. నువ్వు ఆయమ్మ ఒళ్ళో నిద్రపోతా ఉంటివి. సగంలో సశేషం అని వస్తే, మిగతాది తనే కట్టి చెప్తాండె. రాసినాయన కతకన్నా అదే బాగుంటాండె. మీ నాయన నవ్వి నవ్వి అలిసిపోతాండె.’

మా నాయన నవ్వడం నేను ఊహించుకోలేకపోయాను. ‘మీరు వేరే ఎవరినో అనుకుంటున్నారేమో చిన్నమ్మా’ అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ‘మా పెద్దమ్మ అట్లా చెప్పలేదు. అమ్మ పోయేటప్పుడు పక్కనే ఉన్నది ఆమె. కిటికీ మూయొద్దని...’

‘ఆ మాట మీ అమ్మది కాదు పాపా.’

మనవరాలు, ‘అవ్వా, వద్దులే’ అంది. ఎస్తేరమ్మ వినలేదు.

‘నేను సచ్చేలోపల చెప్పల్ల. రూతమ్మ అప్పటికి మదనపల్లెకే రాలే. పూడ్చినాక వచ్చినాది. మీ అమ్మకు జ్వరం తలకెక్కి స్మారకం లేకుండానే పోయినాది. ఏమీ మాటాడ్లే. ఆ దినం డ్యూటీ నాది, నేనుండాను, మీ నాయనుండాడు. ఆ కిటికీ మాట మేమంతా సదివిన సీరియల్లోది. దాంట్లో కొడుకు. మీ పెద్దమ్మ నీకోసరం కూతురని మార్చినాది.’

ఎందుకు, అని అడిగాను. అడిగానో, ఊరికే చూశానో.

‘నువ్వు తిండి తినకుండా ఎముకలగూడు మాదిరి అయిపోతివి. మీ నాయన మా గడపలో నిలబడుకోని రూతమ్మను అడిగినాడు, నేను చెవులారా ఇన్నాను. ఏదో ఒకటి చెప్పు రూతమ్మా, బిడ్డ పోయేటట్టుండాది, నాకు చెప్పేకి నోరు రాదు, నువ్వు చెప్పు అన్నాడు. ఆయమ్మ చెప్పినాది. నువ్వు తింటివి. అదయినాక మీ నాయన ఇంట్లో ఉండే పత్రికలంతా కట్టగట్టి తీసకపొయ్యి కాల్చేసినాడు. ఎప్పుడైనా నీ చేతికి ఆ సీరియల్ దొరికితే తెలిసిపోతాదని. సరోజ సదివేదని నీకు చెప్పొద్దని మాచేత కూడా ఒట్టు పెట్టించుకున్నాడు. నేను ఇన్ని దినాలూ నిలబెట్టుకునింటి. ఈ పొద్దు నీ నోటితోనే ఆయమ్మ పుస్తకం ముట్టలేదని ఇన్నాను గదా, ఇంక నాతో కాలే.’

నేను చెయ్యి కడుక్కుని లేచాను. ఆమె చెయ్యి పట్టుకుని కృతజ్ఞత చెప్పాల్సింది. చెప్పలేదు. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి, ‘తప్పు చేస్తినా పాపా?’ అని ఆమె అడగడం వినిపించింది. జవాబు కూడా ఇవ్వకుండా వచ్చేశాను.

కుప్పం నుంచి పుంగనూరుకు బస్సు పలమనేరు మీదుగా వస్తుంది. దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చుని నాకు కన్నీళ్ళు రాకపోవడం చూసి నేనే ఆశ్చర్యపోయాను. కోపం మాత్రం వచ్చింది. మొదట పెద్దమ్మ మీద. ‘కండ్లారా సూసింది’ అని ఆమె చెప్పినవాళ్ళలో ఎవరు ఆమె చూసినవాళ్ళు, ఎవరు చదివినవాళ్ళు? స్టేషన్ ఇల్లాలు ఎవరి కలంలోంచి దిగింది? నా పేరుతో అచ్చయిన పుస్తకాల్లో ఎవరెవరి సొమ్ముందో నాకిప్పుడు తెలియదు, అడగడానికి ఆమె లేదు. మేకపిల్లను కొంగులో దాచిన ముసలామె ఒక్కతైనా నిజం మనిషి అయితే బాగుండునని దారంతా అనుకున్నాను.

పుంగనూరు దగ్గరపడేసరికి కోపం నాయన మీదికి మళ్ళింది. అబద్ధమాడడని ఊరంతా చెప్పుకున్న మనిషి, తన నాలుకకు మైల అంటకుండా ఇంకొకరి చేత ఆడించాడు. నేను ‘నిజమా’ అని అడిగితే అవునని అనలేదు, కాదని అనలేదు, అన్నం తినమన్నాడు. అంతవరకూ నేను ఒప్పుకోగలను. తిండి తినని బిడ్డను చూసే తండ్రి ఏ మాటనైనా పట్టుకుంటాడు. నాకూ ఒక కూతురు ఉంది, ఆ మాత్రం తెలుసు. కానీ నేను తిన్నాక? పెరిగాక? పెళ్ళయి పిల్లను కన్నాక? ఒక్క సాయంత్రమైనా పిలిచి, ‘అమ్మా, అది కథ’ అని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ ఒక్క కథను కాపాడుకోవడానికి కథలన్నీ అబద్ధాలని నాకు నేర్పాడు. వారపత్రికను పొయ్యిలో పెట్టినప్పుడు ఆయన చెయ్యి ఎందుకు వణికిందో ఇప్పుడు తెలిసింది. దాన్ని నేను నిజం మీద భక్తి అనుకున్నాను. ఆ నమ్మకం మీదే నా రాతంతా కట్టుకున్నాను. రచయితకు కల్పన చదవాల్సిన అవసరం లేదని ఎన్ని వేదికలమీద, ఎంతమంది పిల్లలకు చెప్పానో.

కల్పనకూ అబద్ధానికీ తేడా ఏమిటని ఇప్పుడెవరైనా అడిగితే చెప్పగలను. కథ రాసేవాడు, ఇది కథ అని పైన రాసి మరీ మన చేతికిస్తాడు. తెలిసే తీసుకుంటాం, తెలిసే ఏడుస్తాం. ఎవరూ మోసపోరు. మా ఇంట్లో ఆ పైమాట చించేసి నాకిచ్చారు. ఇచ్చి, అసలు మా అమ్మను దాచేశారు. సశేషం దగ్గర ఆగలేక మిగతా కథ తనే అల్లి, నర్సులందరినీ కూర్చోబెట్టుకుని చెప్పిన మనిషిని. కిటికీ మాట నాకు లేకపోయినా ఏదో ఒకనాడు ఆకలేసి తినేదాన్నేమో. ఆ మనిషి నాకు తెలిసి ఉంటే, నాకు ఈ పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి బతికేదాన్ని. రాత నాకు పెద్దమ్మ నుంచి వచ్చిందని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. అది మా అమ్మది.

ఆ రోజుల్లో పత్రిక దొరకడమే గగనం. కోటులో దాచుకుని తెచ్చేవాళ్ళు, పదిమంది చేరి వినేవాళ్ళు, వారమంతా ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడు నా మనవరాలి ఫోనులో ఎన్ని నవలలున్నాయో దానికే తెలియదు. సగం చదివి వదిలేస్తుంది. నేను కంటి ఆపరేషనైన మనిషిని, పెద్దక్షరాల పుస్తకాలు కావాలి, కాసేపు చదివితే నీళ్ళు కారతాయి. చదవాల్సిన వయసంతా చదవలేదని గొప్పలు చెప్పుకోవడంలో గడిపాను.

కుప్పం నుంచి వచ్చిన కొన్నాళ్ళకు ఎస్తేరమ్మకు ఫోను చేశాను. ఆరోజు మాట్లాడకుండా వచ్చినందుకు ఆమె ఏమీ అనలేదు. ‘తిన్నావా పాపా?’ అని అడిగింది. ‘మా అమ్మకు ఏ కథంటే ఇష్టం చిన్నమ్మా? పేరు చెప్పండి’ అన్నాను. ఆమె మనవరాలు పక్కనుంచి ఏవో పేర్లు అందించడం వినిపించింది. ‘కాదు... అదీ కాదు... పేర్లు పోయినాయి పాపా. ఆయమ్మ గొంతు మటుకు చెవుల్లో ఉండాది. సన్నంగా ఉంటాండె, నవ్వు వచ్చే తావున ముందే నవ్వేస్తాండె. కత పేరు మటుకు ఒగటీ రాలే’ అంది.

అందుకని ఇప్పుడు వారానికొకసారి మదనపల్లె గ్రంథాలయానికి పోతున్నాను. ఆ కాలంలో అచ్చయిన నవలలు అట్టలు ఊడిపోయి, వెనక బీరువాలో అడుగున ఉంటాయి. అక్కడ పనిచేసే అమ్మాయి, ‘ఏ రచయితవి కావాలి మేడమ్?’ అని అడుగుతుంది. ఏవైనా పరవాలేదంటాను. మంచివో చెడ్డవో నేను చూడను. వాటిలో మా అమ్మ చదివింది ఏదో చెప్పేవాళ్ళు లేరు. అందుకే అన్నీ చదువుతున్నాను.